స్వేచ్ఛాపతనం లెక్క: మూడు సూత్రాలు ఎంతదూరం చెల్లుతాయి?

ఆస్ట్రియాకు చెందిన ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్ 2012 అక్టోబర్ 14న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో హీలియం బెలూన్ సాయంతో దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తుకు చేరుకుని, అక్కడి నుంచి కిందికి దూకాడు. పారాచూట్ తెరుచుకునే లోగా ఆయన పడిన దూరం 36,402 మీటర్లకు పైమాటే. ఈ ఒక్క అంకెను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థి చేతికిచ్చి, పడడానికి ఎంత సమయం పట్టి ఉంటుందో, చివరికి ఎంత వేగం వచ్చి ఉంటుందో కట్టమని అడిగితే, పాఠ్యపుస్తకంలోని సూత్రాల్లో విలువలు వేసి, సుమారు 86 సెకన్లనీ, గంటకు 3,040 కిలోమీటర్లనీ జవాబిస్తాడు. లెక్క చేసిన తీరులో తప్పేమీ ఉండదు. అయితే నిజంగా పట్టిన సమయం 4 నిమిషాల 19 సెకన్లు, అందుకున్న అత్యధిక వేగం గంటకు 1,357.6 కిలోమీటర్లు. అంతకంటే విచిత్రమేమిటంటే, ఆ అత్యధిక వేగం పతనం చివర్లో రాలేదు. దూకిన సుమారు 50 సెకన్లకే వచ్చింది. ఆ తరువాత ఆయన కిందికి పడుతూనే ఉన్నాడు, వేగం మాత్రం తగ్గుతూ పోయింది.

గాలి అడ్డుకోవడం వల్ల ఇలా జరిగిందని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు, అది నిజం కూడా. కానీ ఆ జవాబుతో లెక్క ముందుకు సాగదు. మేడ మీది నుంచి జారిపడిన తాళంచెవికి అవే సూత్రాలు చక్కగా సరిపోతున్నప్పుడు, వానచినుకుకు ఎందుకు సరిపోవడం లేదు? గాలిని ఎక్కడ వదిలేయవచ్చు, ఎక్కడ వదిలేయకూడదు? స్వేచ్ఛాపతనంలో నిజమైన చిక్కు సూత్రాలను గుర్తుపెట్టుకోవడంలో లేదు, అవి చెల్లే హద్దును గుర్తించడంలో ఉంది. ఆ హద్దును కూడా అంకెల్లోనే కట్టవచ్చు.

ముందుగా గాలి లేదనుకున్న లెక్క. భూమి ఉపరితలానికి దగ్గరలో వదిలేసిన వస్తువు వేగం ప్రతి సెకనుకూ దాదాపు సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ఈ పెరుగుదల రేటే గురుత్వ త్వరణం. నిశ్చల స్థితి నుంచి వదిలితే మొదటి సూత్రం ఇది:

వేగం = గురుత్వ త్వరణం × కాలం

వేగం సున్నా నుంచి సమంగా పెరుగుతోంది కనుక, సగటు వేగం చివరి వేగంలో సరిగ్గా సగం. సగటు వేగాన్ని కాలంతో గుణిస్తే రెండో సూత్రం వస్తుంది:

దూరం = ½ × గురుత్వ త్వరణం × కాలం²

ఈ రెండింటి నుంచి కాలాన్ని తొలగిస్తే మూడోది మిగులుతుంది:

వేగం² = 2 × గురుత్వ త్వరణం × దూరం

మొదటి సెకను ముగిసేసరికి 4.9 మీటర్లు, రెండో సెకనుకు 19.6, మూడో సెకనుకు 44.1. ఏ సెకనుకు ఆ సెకనులో పడిన దూరాన్ని విడిగా చూస్తే 4.9, 14.7, 24.5 అని వస్తాయి, అంటే 1, 3, 5 నిష్పత్తిలో. ఈ బేసి సంఖ్యల క్రమాన్ని గుర్తించి, 1638లో లైడెన్ నగరంలో అచ్చయిన తన గ్రంథంలో వివరించినవాడు గెలీలియో. నిట్టనిలువుగా పడే వస్తువును కొలవడానికి తగిన గడియారం ఆయన కాలంలో లేదు. అందువల్ల వాలుపలక మీద నున్నటి గుండును దొర్లించి, పతనాన్ని నెమ్మదింపజేసి, పాత్రలోంచి సన్నటి ధారగా కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. పీసా వాలుగోపురం మీది నుంచి గుండ్లు వదిలాడన్న కథ ఆయన శిష్యుడు వివియాని రాసినదే తప్ప, ఆ సంగతి గెలీలియో స్వయంగా ఎక్కడా చెప్పలేదు. పది రెట్ల బరువు తేడా ఉన్న రెండు సీసపు గుండ్లను ఒకేసారి వదిలి చూపిన ప్రయోగం నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సైమన్ స్టెవిన్ చేసినది, దాని వివరం 1586లోనే వెలువడింది.

గెలీలియో కూడా మొదట దారి తప్పాడన్నది నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన సంగతి. 1604లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, పడే వస్తువు వేగం అది పడిన దూరానికి అనులోమానుపాతంలో పెరుగుతుందని ఆయన పేర్కొన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది, ఈనాటికీ చాలామందికి మొదట తట్టేది అదే. కానీ వదిలిన క్షణంలో దూరం సున్నా కనుక వేగమూ సున్నా, వేగం సున్నా కనుక దూరం పెరగదు, దూరం పెరగదు కనుక వేగమూ పుట్టదు. ఆ నియమమే నిజమైతే చేతిలోంచి వదిలేసిన రాయి గాలిలో అలాగే నిలిచిపోవాలి. వేగం దూరంతో కాదు, కాలంతో సమానుపాతంలో పెరుగుతుందని చివరికి ఆయన తేల్చుకోవడంతోనే ఈ లెక్కకు పునాది పడింది.

పరీక్షల్లో విద్యార్థులు ఎక్కువగా తడబడేది పైకి విసిరిన వస్తువు దగ్గర. పైకి వెళుతున్నంతసేపూ అది స్వేచ్ఛాపతనంలో లేదని, శిఖర బిందువు దగ్గర త్వరణం సున్నా అవుతుందని అనుకోవడం వల్ల వచ్చే తడబాటు అది. చేయి వదిలిన క్షణం నుంచి నేలను తాకే క్షణం వరకు ఆ వస్తువు మీద పనిచేసే త్వరణం ఒకటే, దాని దిశా ఒకటే, కిందికే. శిఖరం దగ్గర వేగం మాత్రమే సున్నా అవుతుంది. త్వరణం కూడా సున్నా అయితే వస్తువు అక్కడే ఆగిపోవాలి కదా. లెక్క మొదలుపెట్టే ముందే ఒక దిశను ధనాత్మకంగా ఎంచుకుని, చివరి వరకు దానికే కట్టుబడితే సగం తప్పులు దగ్గరికి రావు.

ఒక ఉదాహరణ పూర్తిగా చేద్దాం. 39.2 మీటర్ల ఎత్తున్న భవనం అంచు నుంచి బంతిని సెకనుకు 9.8 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరామనుకుందాం. పైదిశ ధనాత్మకమైతే నేల స్థానం −39.2, త్వరణం −9.8. రెండో సూత్రానికి తొలి వేగాన్ని జోడిస్తే, −39.2 = 9.8 × కాలం − 4.9 × కాలం². మొత్తాన్ని 4.9తో భాగించి సర్దితే, కాలం² − 2 × కాలం − 8 = 0. ఈ వర్గ సమీకరణానికి మూలాలు రెండు, 4 మరియు −2. బంతి 4 సెకన్లకు నేలను తాకుతుందని రాసి, −2ను కొట్టేయడం తరగతి గదుల్లో అలవాటు. కాలం రుణాత్మకం కాదు కదా అని కారణం కూడా చెబుతారు. నిజానికి ఆ −2 అర్థంలేని అంకె కాదు. భవనమే లేకుండా, విసిరిన క్షణానికి రెండు సెకన్ల ముందు నేల మీది నుంచే ఎవరైనా బంతిని సెకనుకు 29.4 మీటర్ల వేగంతో పైకి విసిరి ఉంటే, అది సరిగ్గా సున్నా క్షణానికి 39.2 మీటర్ల ఎత్తున, సెకనుకు 9.8 మీటర్ల వేగంతో పైకి పోతూ కనిపించేది. సమీకరణానికి భవనం సంగతి తెలియదు, అది మొత్తం పథాన్ని చూపిస్తుంది. అదే బంతిని అదే వేగంతో కిందికి విసిరితే 2 సెకన్లలో నేలను చేరుతుంది, అప్పుడూ తాకే వేగం సెకనుకు 29.4 మీటర్లే. పైకి విసిరినా కిందికి విసిరినా నేలను తాకే వేగం మారకపోవడం మూడో సూత్రం చెప్పే సంగతే, ఎందుకంటే అందులో వేగం వర్గంగా మాత్రమే కనిపిస్తుంది.

ఈ సూత్రాల్లో ఎక్కడా బరువు ప్రసక్తి లేదు. ద్రవ్యరాశి రెట్టింపైతే భూమి లాగే బలం రెట్టింపవుతుంది, ఆ వస్తువును కదిలించడానికి కావలసిన బలం కూడా రెట్టింపవుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద నిలబడి ఒక సుత్తిని, ఒక డేగ ఈకను ఒకేసారి వదిలి ఈ విషయాన్ని కెమెరా ముందు చూపించాడు. అక్కడి గురుత్వ త్వరణం 1.62 కనుక, సుమారు 1.6 మీటర్ల ఎత్తు నుంచి అవి రెండూ పడడానికి 1.4 సెకన్లు పట్టాలి. ఇక్కడైతే సుత్తికి 0.57 సెకను చాలు.

9.8 అన్న అంకె కూడా ప్రతిచోటా ఒకటి కాదు. భూమధ్యరేఖ వద్ద అది 9.78, ధ్రువాల వద్ద 9.83, హైదరాబాదులో సుమారు 9.78. ప్రామాణిక విలువగా 9.80665ను 1901లో అంతర్జాతీయంగా ఖరారు చేశారు. ఎత్తుకు పోయేకొద్దీ విలువ తగ్గుతుంది కానీ, బౌమ్‌గార్ట్‌నర్ దూకిన ఎత్తున కూడా ఆ తగ్గుదల 1.2 శాతానికి మించదు. 86 సెకన్లు 259 సెకన్లుగా మారడానికి అది కారణం కాజాలదు.

కాబట్టి గాలి దగ్గరికి రావాలి. వేగంగా పడే మామూలు వస్తువు మీద గాలి చూపే నిరోధం, గాలి సాంద్రతను, వస్తువు అడ్డుకోత వైశాల్యాన్ని, దాని ఆకారాన్ని సూచించే గుణకాన్ని, వేగం వర్గాన్ని కలిపి గుణించి సగం చేస్తే వస్తుంది. ఇందులో వేగం వర్గంగా ఉండడమే ముఖ్యం. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది కనుక, పడుతున్న వస్తువు ఏదో ఒక వేగం దగ్గర తన బరువుకు సమానమైన నిరోధాన్ని ఎదుర్కొంటుంది. ఆ తరువాత త్వరణం ఉండదు, వేగం పెరగదు. దాన్నే చరమ వేగం అంటారు. పొట్ట కిందికి పెట్టి, చేతులు చాచి పడే స్కైడైవర్‌కు భూమికి దగ్గరి గాలిలో అది సెకనుకు సుమారు 55 మీటర్లు, అంటే గంటకు దాదాపు 200 కిలోమీటర్లు. ఐదు మిల్లీమీటర్ల పెద్ద వానచినుకుకు సెకనుకు 9 మీటర్లు. ఒకే ఆకారం, ఒకే పరిమాణం ఉన్న రెండు వస్తువుల్లో బరువైనదానికి చరమ వేగం ఎక్కువ. బరువైనవి త్వరగా పడతాయన్న అరిస్టాటిల్ మాటను మనం ఎగతాళి చేయడం అలవాటైంది కానీ, గాలిలో చాలాసేపు పడిన వస్తువుల విషయంలో ఆయన గమనింపు పూర్తిగా తప్పేమీ కాదు.

మొదట అడిగిన హద్దు ప్రశ్నకు జవాబు ఈ చరమ వేగంలోనే ఉంది. మూడో సూత్రాన్ని తిరగేసి, గాలి లేకపోతే ఎంత ఎత్తు నుంచి పడితే ఆ చరమ వేగం వచ్చేదో కడదాం. చరమ వేగం వర్గాన్ని 19.6తో భాగిస్తే చాలు. దీన్ని హద్దు ఎత్తు అని పిలుచుకుందాం. స్కైడైవర్‌కు ఇది 154 మీటర్లు, పెద్ద చినుకుకు 4 మీటర్లు. అసలు పడే ఎత్తు ఈ హద్దు ఎత్తులో చిన్న భాగమైతే గాలిని మరిచిపోవచ్చు. రెండూ సమానమైతే వస్తువు తన చరమ వేగంలో 80 శాతాన్ని అప్పటికే అందుకుని ఉంటుంది. పడే ఎత్తు హద్దు ఎత్తుకు మూడు రెట్లయితే 97 శాతం దాటుతుంది, ఇక అక్కడి నుంచి ఎంత ఎత్తు నుంచి పడిందన్నది లెక్కలోకే రాదు. పడే ఎత్తు బాగా తక్కువగా ఉన్నప్పుడు పనికొచ్చే చిట్కా ఒకటుంది. పడే ఎత్తును హద్దు ఎత్తుతో భాగించి, వచ్చినదాంట్లో నాలుగో వంతు తీసుకుంటే, మూడో సూత్రం ఇచ్చే వేగంలో అంత భాగం తగ్గించాలన్నమాట.

కోనసీమలో దింపు కార్మికుడు 20 మీటర్ల చెట్టెక్కి కొబ్బరికాయను కోసి వదిలాడనుకుందాం. గాలి లేని లెక్కలో అది 2.02 సెకన్లలో, సెకనుకు 19.8 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. పీచుతో సహా కిలోన్నర బరువు, 20 సెంటీమీటర్ల అడ్డుకొలత, గోళానికి వాడే 0.45 ఆకార గుణకం తీసుకుంటే, దాని చరమ వేగం సెకనుకు దాదాపు 42 మీటర్లు, హద్దు ఎత్తు సుమారు 88 మీటర్లు. 20ని 88తో భాగించి నాలుగో వంతు తీస్తే 5.7 శాతం. అంటే కాయ నిజంగా తాకే వేగం 18.7 మీటర్లు, గంటకు 67 కిలోమీటర్లు. ఈ మాత్రం తేడాతో లెక్క దెబ్బతినదు, కింద నిలబడ్డవాడికి ప్రమాదమూ తగ్గదు. వానచినుకు సంగతి వేరు. ఒక కిలోమీటరు ఎత్తున్న మేఘం నుంచి గాలి లేకుండా పడితే అది సెకనుకు 140 మీటర్ల వేగంతో, అంటే గంటకు 500 కిలోమీటర్లతో మన నెత్తిన పడాలి. కిలోమీటరు దూరం దాని హద్దు ఎత్తుకు 240 రెట్లకు పైనే కనుక, దాని విషయంలో మూడు సూత్రాలూ మొదటి ఒకటి రెండు మీటర్లకు తప్ప పనికిరావు.

ఏ సవరణ ముఖ్యమన్నది మనం ఏం కొలుస్తున్నామన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. లోతైన బావిలో రాయి వదిలి, చప్పుడు వినిపించేదాకా లెక్కపెట్టి, 3 సెకన్లు వస్తే లోతు 44 మీటర్లని చెప్పడం మామూలు. ఆ మూడు సెకన్లలో చప్పుడు పైకి రావడానికి పట్టిన సమయం కూడా ఉంది. ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లుగా తీసుకుని వర్గ సమీకరణం సాధిస్తే, రాయి పడింది 2.88 సెకన్లే, లోతు 40.7 మీటర్లే అని తేలుతుంది. పిడికెడు రాయికి ఇక్కడ గాలి నిరోధం తెచ్చే తప్పు ఇంతకంటే తక్కువ. భూభ్రమణం వల్ల పడే వస్తువు కాస్త తూర్పుకు జరుగుతుందన్నది ఇంకా చిన్న సవరణ. జర్మనీలోని ఫ్రైబర్గ్ గనిలో ఫెర్డినాండ్ రైఖ్ 1831లో 158 మీటర్ల లోతుకు గుండ్లను వదిలి చూస్తే, సగటున తూర్పుకు 28 మిల్లీమీటర్ల జరుగుదల కనిపించింది. భూమి తిరుగుతోందనడానికి అది సాక్ష్యమే అయినా, బావి లోతు కొలిచేవాడికి దాంతో పనిలేదు.

చరమ వేగం స్థిరంగా ఉన్నంతవరకు ఈ హద్దు ఎత్తు పద్ధతి చాలు. గాలి సాంద్రతే మారుతూ పోయేచోట ఒక్క సూత్రంతో పని జరగదు, కాలాన్ని చిన్న ముక్కలుగా కోసి అంచెలంచెలుగా కట్టాలి. పద్ధతి తేలికే. ప్రతి ముక్క మొదట్లో ఉన్న వేగాన్ని బట్టి నిరోధం ఎంతో చూసి, 9.8లోంచి తీసివేసి, మిగిలిన త్వరణం ఆ ముక్క అంతటా అలాగే ఉంటుందనుకుని కొత్త వేగం కట్టాలి. చరమ వేగం 55 మీటర్లుగా ఉన్న స్కైడైవర్‌కు ఒక్కో సెకను చొప్పున కడితే, మొదటి సెకను చివర వేగం 9.8. ఆ వేగానికి నిరోధం వల్ల తగ్గే త్వరణం 0.3 కనుక మిగిలేది 9.5, రెండో సెకను చివర వేగం 19.3. ఇప్పుడు తగ్గేది 1.2, మిగిలేది 8.6, మూడో సెకను చివర 27.9. గాలి లేకపోతే ఇది 29.4 అయ్యేది, కచ్చితమైన గణితం ఇచ్చే జవాబు 26.9. మన 27.9 ఎక్కువ రావడానికి కారణం, ముక్క మధ్యలో పెరిగిన నిరోధాన్ని మనం పట్టించుకోకపోవడం. అర సెకను ముక్కలతో మళ్లీ కడితే 27.4 వస్తుంది, ముక్క చిన్నదయ్యేకొద్దీ అంకె 26.9కి దగ్గరవుతుంది. కంప్యూటర్లు చేసేదీ ప్రాథమికంగా ఇదే. ఒక స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు నిలువు వరుసలు రాసుకుని ఎవరైనా చేయవచ్చు, ఎత్తును బట్టి సాంద్రతను మార్చే ఐదో వరుస చేరిస్తే బౌమ్‌గార్ట్‌నర్ పతనాన్నే కట్టవచ్చు.

ఆ ఐదో వరుసలోనే ఆయన వేగం తగ్గుదల గుట్టు ఉంది. దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో సుమారు 270వ వంతు. చరమ వేగం సాంద్రత వర్గమూలానికి విలోమంగా మారుతుంది కనుక, అక్కడ అది 16 రెట్లకు పైగా పెరిగి సెకనుకు 900 మీటర్ల దగ్గర ఉంటుంది. అందుకే మొదటి అర నిమిషం ఆయన ఇంచుమించు పాఠ్యపుస్తకం చెప్పినట్టే పడ్డాడు. కిందికి వచ్చేకొద్దీ ఆయన వేగం పెరుగుతోంది, చుట్టూ ఉన్న గాలి అనుమతించే చరమ వేగం తగ్గుతోంది. ఆ రెండు అంకెలు కలిసిన చోటే అత్యధిక వేగం. అది సుమారు 27,800 మీటర్ల ఎత్తున జరిగింది. అక్కడ గాలి దాదాపు 48 రెట్లు పలుచన, దాని వర్గమూలం 6.9, దాన్ని 55తో గుణిస్తే సెకనుకు 380 మీటర్లు. కొలతల్లో తేలిన వేగం 377. ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉందని ఒప్పుకోవాలి. పీడన సూటు బరువు చరమ వేగాన్ని పెంచుతుంది, ధ్వని వేగాన్ని దాటేటప్పుడు హెచ్చే నిరోధం దాన్ని తగ్గిస్తుంది, మన లెక్కలో ఆ రెండూ లేవు. అయినా దారి మాత్రం సరైనదే. ఆ ఎత్తు దాటాక దట్టమవుతున్న గాలి చరమ వేగాన్ని ఇంకా కిందికి దించుతూ పోయింది, నిరోధం బరువును మించడంతో ఆయన వేగం దాని వెనకే తగ్గుతూ వచ్చింది.

గాలిని లెక్కలోంచి కాకుండా నిజంగానే తీసేసే చోట్లు కూడా ఉన్నాయి. జర్మనీలోని బ్రెమెన్‌లో 146 మీటర్ల ఎత్తైన పతన గోపురం ఉంది. లోపలి గొట్టంలోని గాలిని పంపులతో తోడేసి, ప్రయోగ పరికరాలున్న గుళికను పైనుంచి వదులుతారు. పడే దూరం 110 మీటర్లు, కనుక రెండో సూత్రం ప్రకారం పట్టాల్సిన సమయం 4.74 సెకన్లు. ఆ గోపురం శాస్త్రవేత్తలకు అందించే భారరహిత సమయం కూడా సరిగ్గా అంతే. 2004 నుంచి గుళికను కింది నుంచి పైకి విసిరే యంత్రాన్ని కూడా వాడుతున్నారు. చేయి వదిలిన బంతిలాగే ఆ గుళిక పైకి పోతున్నంతసేపూ స్వేచ్ఛాపతనంలోనే ఉంటుంది కనుక, గోపురం ఎత్తు ఒక్క మీటరు కూడా పెంచకుండానే భారరహిత సమయం సుమారు 9.3 సెకన్లకు చేరింది.